ఎముకకి మిగిలిన మాంసం

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. దాన్ని వాడిన వాళ్ళు మాత్రం మార్కెట్లో ఎవరూ లేరు. అందరికీ ఆవిడ పదునక్క. కత్తులకి సాన పడుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఒక్కసారి ఆవిడతో బేరమాడిన వాళ్ళు అలా అనుకోరు.

మార్కెట్ వెనక గేటు పక్కన, మెట్ల కింద ఆవిడ జాగా. పాత సైకిలు చట్రాన్ని నేలకి బిగించి, ముందు చక్రం ఉండాల్సిన చోట సానరాయి పెట్టించుకుంది. పెడలు తొక్కితే రాయి తిరుగుతుంది, సైకిలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. "పెళ్ళికాక ముందు నుంచీ తొక్కుతున్నాను, ఇంకా ఈ గేటు దాటలేదు" అని తన మీద తనే జోకేసుకుంటుంది. అదే జోకు ఇంకెవరైనా వేస్తే ఊరుకోదు.

ఆవిడ పని పద్ధతి చూడాలి. ముందు గరుకు రాయి, తర్వాత నున్న రాయి, ఆఖర్న తోలు పట్టీ మీద అటూ ఇటూ రుద్దడం. అంతా అయ్యాక కత్తి అంచుని తన బొటనవేలి గోటి మీద ఆనిస్తుంది. జారిందా, మళ్ళీ రాయి దగ్గరికే. గోటిని పట్టుకుని నిలబడిందా, పని అయినట్టు. కొందరు పెద్దమనుషులు కత్తి తీసుకుని తామూ గోటి మీద పెట్టి చూసుకోబోతారు. "ఏం బాబూ, నా గోరు సరిపోలేదా? ఇంటికెళ్ళి పళ్ళతో కోసుకో పో" అని కత్తి లాక్కుంటుంది. ఎన్నేళ్ళ పరిచయమున్నా కత్తిని ఒక్కసారి కూడా గోటి మీద పెట్టి చూడనివాడు ఒకడున్నాడు. మాంసం కొట్టు తమ్ముడు. వాళ్ళ నాన్న కత్తులకి ఆవిడ నాన్న సాన పట్టేవాడు. ఆ వరసలో ఈవిడ అక్క, అతను తమ్ముడు అయ్యారు.

ఇక ఇంట్లో ఆయన. ఆవిడ మొగుడు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పే ఉద్యోగం చేసేవాడు. ఇంట్లో కూడా అదే ధోరణి. "వేడినీళ్ళు స్నానాలగదికి చేరుకున్నవి" అని పొద్దున్నే కేకేసేవాడు. ఆ గొంతు వీధి చివరికి వినిపించేది. కొన్నాళ్ళకి బస్టాండులో ముందే రికార్డు చేసిన ఆడగొంతు పెట్టారు. ఆ సంగతి మొహం మీద చెప్పలేని మేనేజరు, "మీ గొంతులో మునుపటి స్పష్టత పోయిందండీ, జనానికి అర్థం కావట్లేదు" అని ఇంటికి పంపించాడు. ఆయన నమ్మాడు. ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, మిరియాలు నమిలాడు, చివరికి మాట్లాడ్డమే మానేశాడు. ఏమడిగినా తలూపడమే. మొదట్లో పదునక్కకి అది హాయిగానే అనిపించింది. ఇంట్లో ఇద్దరికీ సరిపడా నోరు తనకుందిలే అనుకుంది. కానీ తిట్టినా ఎదురుచెప్పని మనిషిని ఎంతకాలమని తిడతాం? గోడని తిట్టినట్టుంటుంది. రాన్రానూ ఆ ఇంట్లో సాయంత్రాలు ఆవిడకి భయంగా ఉండేవి. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

అలాంటి ఇంటికి కుక్కపిల్ల ఎలా వచ్చిందంటే, పై వాటాలో కండలు పెంచే కుర్రాడొకడు అద్దెకుండేవాడు. జిమ్ములో జనంచేత బరువులెత్తించడం వాడి ఉద్యోగం. ఒకరోజు చంకలో ఏదో గోధుమరంగు మూటతో దిగొచ్చాడు.

"అత్తా, రెండ్రోజులు దీన్ని చూసుకోవా? ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా."

"ఏంట్రా అది?"

"కుక్కపిల్లత్తా. మంచి జాతి."

"నీ జాతి సంగతి తర్వాత. ఏం తింటుంది?"

"ఏం పెట్టినా తింటుంది."

వెళ్ళినవాడు వెళ్ళినట్టే. ఫోను మోగదు. పైకెళ్ళి చూస్తే ఇనప బరువులు కూడా లేవు, ముందే సర్దేసుకున్నాడు. అంతంత బరువులెత్తే వెధవకి అరచేతిలో పట్టే కుక్కపిల్ల బరువైపోయింది.

ఏం పెట్టినా తింటుందన్న మాట అబద్ధం కాదు. తిన్నదంతా కక్కుతుందన్న మాట ఒక్కటే వాడు చెప్పలేదు. అన్నం పెడితే కక్కింది. రొట్టె పెడితే కక్కింది. పాలు పోస్తే వేరే దారిన వదిలింది. పక్కింటావిడ సలహా మీద గుడ్డు ఉడకబెట్టి అన్నంలో కలిపి పెడితే, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఉన్న వెంట్రుకలు కూడా రాలడం మొదలెట్టాయి. పొద్దస్తమానం గోక్కోవడమే. చెవుల వెనక బోడి, తోక మీద బోడి. పదునక్క దానికి దరిద్రం అని పేరు పెట్టి, ఒక బుట్ట వెతికింది. మార్కెట్ వెనక గేటు దగ్గర వదిలేస్తే దాని రాత ఎలా ఉంటే అలా అవుతుందని ఆవిడ ఉద్దేశం.

బుట్ట పట్టుకుని గది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. లోపల్నుంచి ఒక గొంతు.

"ప్రయాణికులకు గమనిక. నాన్‌స్టాప్ సర్వీసు మరికొద్దిసేపటిలో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం, అనగా చాప మీద నుండి, రెండవ నంబరు ప్లాట్‌ఫారం, అనగా పెరట్లోకి బయలుదేరుటకు సిద్ధముగా నున్నది. ప్రయాణికులు దయచేసి చాప మీద మూత్రవిసర్జన చేయరాదు."

కాస్త బొంగురు పోయింది గానీ అదే గొంతు. కుక్కపిల్ల చెవులు రిక్కించి వింటోంది. ప్రకటన పూర్తయ్యాక చాప మీద పోసింది. "సర్వీసు నిర్ణీత సమయానికి ముందే బయలుదేరినది. చింతిస్తున్నాము" అన్నాడాయన, గుడ్డ తీసుకుని తుడుస్తూ.

పదునక్క బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. తర్వాత ఎవరైనా అడిగితే ఉల్లిపాయలు తరిగానంది. ఆ పూట ఆ ఇంట్లో ఒక్క ఉల్లిపాయ లేదు.

ఆ మర్నాడే అదే బుట్టలో కుక్కపిల్లని పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ దాని చర్మం చూసింది, చెవులు చూసింది, పొట్ట నొక్కింది.

"గింజ తిండి దీనికి పడట్లేదమ్మా. కొన్నిటి ఒళ్ళు అంతే. పచ్చిమాంసం పెట్టి చూద్దాం. మాంసం ఎక్కువుండాలి, కాస్త మెత్తటి ఎముక, కొంచెం కార్జం. తాజాది తెచ్చి బాగా గడ్డకట్టించండి, పురుగులుంటే చస్తాయి. తర్వాత కరిగించి పెట్టండి. ఉడికించిన ఎముక మాత్రం వద్దు, విరిగి గుచ్చుకుంటుంది."

"వెండి పళ్ళెంలో పెట్టమంటారా?"

"స్టీలుది చాలు" అంది డాక్టరమ్మ, నవ్వకుండా.

"పెట్టకపోతే?"

"ఇదే బరువుతో ఉంటే చలికాలం దాటదు."

పదునక్క బుట్టలోకి చూసింది. బుట్టలో ఉన్నది కుక్కపిల్ల ఒక్కటే కాదు, మొగుడి గొంతు కూడా. ఇది పోతే అదీ పోతుంది. "సరే, దీని అసాధ్యం కూలా, మాంసమే పెడదాం" అని లేచింది.

అక్కడ్నుంచి మొదలైంది వేట. ముందు కుక్కల సామాన్లమ్మే అద్దాల కొట్టుకెళ్ళింది. అక్కడ పచ్చిమాంసం గడ్డకట్టించి, ముద్దుగా పొట్లాలు కట్టి, పైన నవ్వుతున్న కుక్క బొమ్మ వేసి పెట్టారు. ధర విన్నాక కుక్క ఎందుకు నవ్వుతోందో అర్థమైంది. "ఆ డబ్బు పెడితే నేనూ మా ఆయనా పీటలేసుకుని కూర్చుని పచ్చిదే తింటాం" అని బయటికొచ్చేసింది.

తర్వాత కోళ్ళ కొట్టు. మెడలు, కాళ్ళు, కందనకాయలు వాళ్ళు డ్రమ్ములో పారెయ్యడం ఆవిడ రోజూ చూస్తూనే ఉంది. "ఎలాగూ పారేస్తున్నావు కదమ్మా, కాసిని నా బుట్టలో పారెయ్యి" అంది. కోళ్ళ కొట్టు ఆవిడ డ్రమ్ము వంక కొత్తగా చూసింది. అంతదాకా చెత్త. అడిగేవాళ్ళు వచ్చేసరికి సరుకైపోయింది. "మెడలకి గిరాకీ ఉందక్కా" అని తూకం రాయి తీసింది. చేపల దగ్గరా అదే కథ. తలకాయల మీద ఈగలు ముసురుతుంటే పట్టించుకోనివాడు పదునక్క చెయ్యి చాచగానే ఈగల్ని తోలి వాటిని వరసగా పేర్చాడు. పెద్ద హోటలు వంటింట్లో మిగిలింది బోలెడుంది గానీ అంతా ఉప్పూ కారం పట్టి ఉడికిందే. ఈ ప్రపంచంలో పారేసేది ఏదీ లేదు, అడిగేవాడు రావడమే ఆలస్యమని పదునక్క ఆ వారంలో కనిపెట్టింది. ఆ సంగతి తెలిసినందుకు ఆవిడకేమీ సంతోషం కలగలేదు.

చివరికి మాంసం కొట్టు తమ్ముడి దగ్గరికెళ్ళింది. ముందే ఎందుకు వెళ్ళలేదంటే అభిమానం. ఇన్నేళ్ళూ కత్తి ఇచ్చి డబ్బు పుచ్చుకోవడమే తప్ప అతన్ని ఏదీ అడిగి ఎరగదు.

తమ్ముడు భారీ మనిషి, మాట మాత్రం మెత్తన. అతని కొట్టు నుంచి హోటళ్ళకి ఎముక తీసిన మేకమాంసం వెళ్తుంది. ఎముక తియ్యడంలో అతన్ని మించినవాడు ఆ వరసలో లేడు. జబ్బ ఎముకని, కత్తి పైకెత్తకుండా ఒకే కోతలో, చొక్కాలోంచి చెయ్యి తీసినట్టు తీసేవాడు. పక్క కొట్లవాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు.

"తమ్ముడూ, ఈ నెల నుంచి నీ దగ్గర సాన డబ్బులు తీసుకోను. ఎముకలకి అంటుకుని మిగిలింది నాకియ్యి."

"ఎముకలా? బావకి కొత్త పళ్ళొచ్చాయా ఏంటక్కా?"

"కుక్కకిరా."

"నువ్వు కుక్కని పెంచుతున్నావా? అది నిన్ను ఎలా భరిస్తోంది?" అని నవ్వి, ఒక సంచి నిండా ఎముకలు పోసి, పైన కాస్త కార్జం కూడా పడేసి ఇచ్చాడు.

కుక్కపిల్ల గొడవలో పడి ఆవిడ అతని కత్తుల్ని చాలారోజులు పట్టించుకోలేదు. అవి మొద్దుబారి ఉన్నాయి. దాంతో ఎముకలకి మాంసం దండిగా మిగిలింది. ఇంట్లో కూర్చుని తన కత్తితో గీకితే గిన్నెడు వచ్చింది. డాక్టరమ్మ చెప్పినట్టే దాన్ని పక్కింటావిడ ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, కరిగించింది. ఆయన ముక్కుకి తువ్వాలు చుట్టుకుని పక్కన నిలబడి, కార్జం ముక్క అందిస్తూ, "నాన్‌స్టాప్ సర్వీసుకు ఇంధనం నింపబడుచున్నది" అన్నాడు. కుక్కపిల్ల గిన్నె నాకి, నేల నాకి, ఆయన బొటనవేలు కూడా నాకింది. కక్కలేదు. మర్నాడూ కక్కలేదు. కొన్నాళ్ళకి చెవుల వెనక నూగు వెంట్రుకలు మొలిచాయి. పదునక్క రోజూ వేలితో తడిమి చూసుకునేది, ఎవరూ చూడకుండా.

ఒప్పుకున్న మాట ప్రకారం తమ్ముడి కత్తులన్నీ తెచ్చి, మనసుపెట్టి సాన పట్టింది. ఇంత మేలు చేసినవాడికి మామూలు పదును ఇస్తే ఏం బావుంటుందని రెండింతలు శ్రమపడింది. అన్నీ గోటి మీద నిలబడ్డాయి.

ఆ తర్వాత వచ్చిన సంచి విప్పి చూసి నోరెళ్ళబెట్టింది. ఎముకలు కడిగి ఆరబెట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఎంత గీకినా చెంచాడు రాలేదు. తమ్ముడేమైనా పిసినారితనం చేశాడా అని మండిపడుతూ కొట్టుకెళ్ళింది. అక్కడ అతను జబ్బ ఎముక తీస్తున్నాడు. కత్తి ఎముక వెంబడి నీళ్ళలో జారినట్టు జారిపోతోంది. ఒక్క నూలుపోగంత మాంసం వెనక ఉండిపోవట్లేదు.

"ఏం పదునక్కా ఇది! పట్టుకుంటే చాలు, అదే కోసుకుపోతోంది" అన్నాడు తమ్ముడు మురిసిపోతూ.

పదునక్క వచ్చిన దారినే తిరిగొచ్చింది. తన కాళ్ళు తనే నరుక్కోవడమంటే ఇదే. కత్తి ఎంత పదునైతే కుక్కకి అంత పస్తు. తను బాగా పనిచేసినంత కాలం తన ఇంటి గిన్నె ఖాళీ. ఏ వృత్తిలో ఉంటుందండీ ఇలాంటి దిక్కుమాలిన లెక్క!

కొన్నాళ్ళు కోడిమెడలు కొన్నది. చేతిలో డబ్బు ఆడినంత వరకు ఆడింది, తర్వాత ఆడలేదు. మాంసంలో కాస్త అన్నం కలిపి చూసింది. కక్కింది. మొలిచిన నూగు మళ్ళీ రాలింది. ఆయన ప్రకటనలు కూడా చిక్కిపోయాయి. "సాంకేతిక కారణాల వలన సర్వీసు ఆలస్యముగా నడుచుచున్నది" అని ఒకరోజు. "సర్వీసు తాత్కాలికముగా నిలిపివేయబడినది" అని ఇంకోరోజు. ఆ తర్వాత ఏమీ లేదు. కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడంతే.

ఆ మర్నాడు పదునక్క తమ్ముడి కత్తుల్ని గరుకు రాయి మీద పట్టింది. నున్న రాయి మీద పట్టలేదు. తోలు పట్టీ అంచుకి తగలనివ్వకుండా, పక్కల్ని మాత్రం పాత గుడ్డతో, బూడిదతో రుద్దింది. కత్తులు కొత్త వెండిలా తళతళలాడాయి. అలవాటు కొద్దీ ఒకదాన్ని గోటి మీద పెట్టింది. జారింది. రెండోదీ జారింది. మూడోది పెట్టి చూడలేదు. అన్నిటినీ కాగితంలో చుట్టి ఇచ్చేసింది. తమ్ముడు ఆ తళతళ చూసి, "అబ్బ, అద్దంలో మొహం చూసుకోవచ్చక్కా" అని ఎప్పట్లాగే మొద్దు మీద పెట్టేసుకున్నాడు. చూసుకోలేదు. ఎప్పుడు గోటి మీద పెట్టి చూసుకున్నాడు గనక?

సంచులు మళ్ళీ బరువెక్కాయి. కుక్కపిల్లకి పొట్ట వచ్చింది, పొగరు వచ్చింది, ఆయన చెప్పు కొరికేసింది. ఇంట్లో మైకు మళ్ళీ మోగింది. "పాదరక్షలు పోగొట్టుకొన్న ప్రయాణికులు విచారణ కౌంటరును సంప్రదించవలెను" అని ఆయన అరుస్తుంటే పక్కింటావిడ గోడ మీంచి నవ్వింది. పదునక్క కూడా నవ్వింది. ప్రతి సాన రోజూ అలాగే, మెరుపు పెట్టింది, పదును పెట్టలేదు. దాని గురించి ఆలోచించకుండా ఉండటం కూడా అలవాటు చేసుకుంది. అంతకుముందు అలాంటి అలవాటు ఆవిడకి అవసరం పడలేదు.

ఒకరోజు సంచి కోసం వెళ్తే కొట్టంతా నొప్పుల మందు వాసన. తమ్ముడు కుడి భుజం మీద ఏదో రాసుకుని, మొద్దు పక్కన స్టూలు మీద కూలబడి ఉన్నాడు. మొద్దు మీద సగం కోసిన జబ్బ. కోత రంపంతో కోసినట్టు చిందరవందరగా ఉంది.

"ఏంటి తమ్ముడూ, ఏమైంది?"

"ఇంక నా పనైపోయిందక్కా."

"మొన్నటిదాకా దున్నపోతులా ఉన్నావు. ఏమైందిరా?"

"చెయ్యి పోయింది. ఒకే కోతకి వచ్చే ఎముక నాలుగు కోతలు కోసినా రావట్లేదు. భుజం పీకేస్తోంది. హోటలువాడు మాంసం నలిగిపోయిందని నిన్న వెనక్కి పంపాడు. నలుగురిలో పరువు పోయింది." భుజం నొక్కుకున్నాడు. "ముందు కత్తి మీద అనుమానం వచ్చింది. ఛీ, అక్క చేతి కత్తిని అనుమానించడమేంట్రా అని నన్ను నేనే తిట్టుకున్నా. కత్తి బాగున్నాక ఇంక మిగిలింది నా చెయ్యేగా? నెలాఖరుకి కొట్టు మా బామ్మర్దికి అప్పజెప్పేస్తున్నా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పదునక్క చెయ్యి తనకి తెలియకుండానే తన భుజం మీదికి పోయింది. "వయసొస్తే అంతే, రాస్తుండు, తగ్గుతుంది" అని ఏదో గొణిగి, సంచి తీసుకుని వచ్చేసింది. అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడటం అంతకుముందు అక్కడెవరూ వినలేదు.

ఇంటికొచ్చి మాంసం గీకుతూ, కత్తి పక్కన పడేసి, మొత్తం చెప్పేసింది. ఆయన ముక్కుకున్న తువ్వాలు విప్పి, విన్నాడు. మధ్యలో ఆవిడే నాలుగుసార్లు ఆయన్ని తిట్టింది, కుక్కని తిట్టింది, కండల కుర్రాణ్ణి తిట్టింది, తమ్ముణ్ణి కూడా తిట్టింది. "మూర్ఖుడు కాకపోతే, కత్తి గోటి మీద పెట్టి చూసుకోడానికేం రోగం? నాకంటే బుద్ధి లేదు, వాడికైనా ఉండక్కర్లా?"

"నేనూ చూసుకోలేదు" అన్నాడాయన.

అది మైకు గొంతు కాదు. మామూలు గొంతు. పదునక్క తిట్లు ఆపేసింది.

"గొంతు పోయిందన్నాడు మేనేజరు. పోయిందేమో అనుకున్నా. మంచివాడు, ఎందుకు అబద్ధం చెప్తాడులే అనుకున్నా. ఒక్కసారి గట్టిగా అరిచి చూసుకుంటే తెలిసేది. భయమేసి చూసుకోలేదు." కుక్కపిల్ల తల నిమిరాడు. "దీనికి ప్రకటనలు చెప్తుంటే తెలిసింది, గొంతు బానే ఉందని. అప్పటిదాకా నేను పాడైపోయాననే అనుకున్నానోయ్."

పదునక్క గీకిన మాంసం గిన్నె వైపు చూసింది. "మరి ఇదేం తింటుందయ్యా?" అంది చివరికి.

"ముందు అతని కత్తి చూడు. దీని సంగతి తర్వాత చూద్దాం."

పొద్దున్నే తమ్ముడి కొట్టు తెరిచేసరికి ఆవిడ అక్కడుంది. ఒక్క ముక్క చెప్పకుండా కత్తులన్నీ లాక్కుపోయింది. ఆ పూట వచ్చిన కత్తెరలవాళ్ళనీ హోటలువాళ్ళనీ తరిమేసింది. గరుకు రాయి, నున్న రాయి, తోలు పట్టీ. చెమట కళ్ళలోకి కారుతున్నా పెడలు ఆపలేదు. ఒక్కొక్కటీ గోటి మీద నిలబడే దాకా వదల్లేదు. తీసుకెళ్ళి మొద్దు మీద పెట్టి, "జబ్బ ఒకటి తియ్యి" అంది.

"చెయ్యి రాదక్కా అంటే..."

"తియ్యమన్నానా!"

తమ్ముడు నిట్టూర్చి కత్తి పట్టుకున్నాడు. భుజం బిగబట్టి, పళ్ళు కరిచిపట్టి దించాడు. అంత బలం అక్కర్లేకపోయింది. కత్తి ఎముక అంచు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చేసింది. ఎముక అతని ఎడమ చేతిలోకి ఊడొచ్చింది, తెల్లగా. ఆ భారీ మనిషి ఎముక వంక, తన చేతి వంక చూసుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఒరే, ఇటు చూడండ్రా! పోలేదురా చెయ్యి!" అని పక్క కొట్లవాళ్ళకి ఎముక ఎత్తి చూపించాడు. వాళ్ళు ఈలలేశారు. అతని కళ్ళు తడిశాయి.

అక్కడితో నోరు మూసుకుని వచ్చేయొచ్చు. చెయ్యి బాగుపడింది, కొట్టు నిలబడింది, ఎవరికీ ఏమీ తెలియదు. కానీ నోరు మూసుకునే విద్య పదునక్క ఏనాడూ నేర్చుకోలేదు.

"నీ చెయ్యి ఎప్పుడూ పోలేదురా. కత్తికి పదును పెట్టలేదు నేను. కావాలనే. ఎముకకి మాంసం మిగలాలని. కుక్క కోసం."

ఒక్క గుక్కలో చెప్పేసి, తిట్టడానికి సిద్ధంగా నిలబడింది. అతను తిడితే తనూ నాలుగు తిట్టొచ్చని, అప్పుడు కొంత తేలికపడుతుందని ఆశ. అతను తిట్టలేదు. నవ్వు మాత్రం మెల్లగా పోయింది. గుడ్డ తీసుకుని కత్తి తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"అడిగితే ఇచ్చేవాణ్ణి గదక్కా" అన్నాడు.

కొక్కేనికి వేలాడుతున్న తొడ నుంచి ఒక ముక్క కోశాడు, ఎముక లేనిది, మంచిది. పక్కన కాస్త కార్జం పెట్టి పొట్లం కట్టి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడూ చేతికిచ్చేవాడు. "పిల్లకి పెట్టు. వారం వారం వచ్చి తీసుకో. నీ సాన డబ్బులు నువ్వు తీసుకో, దీనికీ దానికీ ముడిపెట్టొద్దు."

పదునక్క పొట్లం తీసుకుంది. తీసుకోకుండా ఉండే పౌరుషం లేకపోలేదు. ఇంట్లో గిన్నె ముందు కూర్చున్న దాన్ని తలుచుకుంటే ఆ పౌరుషం నిలవలేదు. వెనక్కి తిరగబోతూ చూసింది. తమ్ముడు ఆవిడ తెచ్చిన కత్తుల్లోంచి రెండోదాన్ని తీశాడు. ఎడమచేతి బొటనవేలు ముందుకి చాచి, కత్తి అంచుని గోటి మీద ఆనించాడు.

అది నిలబడింది. అప్పుడు దాన్ని మొద్దు మీద పెట్టి, మూడోది తీశాడు.

కుక్క ఇప్పుడు ఏనుగు గున్నలా పెరిగింది. నిలబడితే ఆయన నడుం దాకా వస్తుంది. వీధిలో ఎవడైనా కొత్తవాడు కనిపిస్తే ముందు అది మొరుగుతుంది, తర్వాత ఆయన దాని రాకపోకల వివరాలు ప్రకటిస్తాడు. కొత్తవాడు దేనికి భయపడాలో తెలియక నిలబడిపోతాడు. ఉల్లాసంగానే ఉంది ఆ ఇల్లు. పదునక్క నోరు కూడా ఏమీ తగ్గలేదు. మెట్ల కింద కూర్చుని, గోరు చాచిన ప్రతివాణ్ణీ ఇప్పటికీ తిట్టి పోస్తుంది.

వారానికోసారి మాత్రం తమ్ముడి కత్తులు తీసుకుని తనే వెళ్తుంది. పొట్లం బల్ల మీద సిద్ధంగా ఉంటుంది. "బావ బాగున్నాడా, పిల్ల బాగుందా" అని అతను ఆప్యాయంగానే అడుగుతాడు. అడుగుతూనే ఒక్కొక్క కత్తీ గోటి మీద పెట్టి చూసుకుంటాడు, తొందరేమీ లేకుండా, ఆఖరిదాకా. ఆ కాసేపూ పదునక్క చేతులు కట్టుకుని బల్ల ఇవతల నిలబడుతుంది. ఒక్క మాట అనదు.